టైరు పక్కన రాసింది చదువు తల్లీ

అమ్మాయీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. "మావయ్యా, క్యూ7కి నాలుగు టైర్లూ మార్చాలంటున్నారు. లక్ష దాటుతుందట. వెనక రెండే కదా బాగా అరిగింది, ఆ రెండూ మార్చేస్తే పోదా?" అన్నావు. ఆసుపత్రిలో రాత్రనక పగలనక పనిచేసి కూడబెట్టుకున్న డబ్బు నీది. కాబట్టి ఎక్కడ ఖర్చు పెట్టి తీరాలో, ఎక్కడ పైసా పెట్టక్కర్లేదో రెండూ చెబుతాను.

నేను ముప్ఫై రెండేళ్లు ఆర్టీసీ డిపోలో టైరు సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి. తెల్లవారుజామున బస్సులు గేటు దాటకముందే ఒక్కో టైరునీ సుత్తితో కొట్టి, చప్పుడు విని, గాలి చాలిందో లేదో చెప్పేవాళ్లం. నేను చేరిన మొదటి వారంలోనే మా పెద్ద మెకానిక్ గారు ఒక మాట అన్నారు: టైరు తన సంగతంతా తన పక్కనే రాసుకుని ఉంటుంది, చదివే ఓపిక మనకుండాలి. నా ఉద్యోగమంతా ఆ మాట మీదే నడిచింది. నీకు చెప్పబోయేదీ అదే.

ముందు నీ ప్రశ్న సంగతి. నీది ఆడి క్వాట్రో బండి, ఇంజను బలం నాలుగు చక్రాలకూ వెళుతుంది. కొత్త టైరు మీద గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. నీ ముందు టైర్లలో ఇప్పుడు 3 మిగిలిందనుకో. అంటే కొత్తవాటికంటే అవి చుట్టూతా 5 మిల్లీమీటర్లు తక్కువ, అడ్డకొలతలో ఒక సెంటీమీటరు చిన్నవి. ఒక సెంటీమీటరే కదా అనిపిస్తుంది. హైదరాబాదు నుంచి విజయవాడకి సుమారు 270 కిలోమీటర్లు. లెక్క వేసి చూశాను. నువ్వు ఇక్కడికి వచ్చేలోపు ఆ చిన్న చక్రాలు పెద్దవాటికంటే దాదాపు 1,500 చుట్లు ఎక్కువ తిరగాలి. ముందుకీ వెనక్కీ మధ్యనున్న డిఫరెన్షియల్ ఆ తేడాని దారంతా సర్దుతూనే ఉండాలి. అది మలుపుల్లో సర్దడానికి చేసిన సామాను, తిన్నని రోడ్డు మీద గంటల తరబడి నలగడానికి కాదు. అది పాడైతే అయ్యే ఖర్చు ముందు ఈరోజు మిగిలే రెండు టైర్ల డబ్బు ఏపాటిది? అందుకని నాలుగూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే నమూనావి వేయించు. ముందు టైర్లు కూడా కొత్తవాటిలాగే ఉండి ఉంటే రెండు చాలనేవాణ్ణి. నువ్వు పంపిన ఫొటోలో అవి అలా లేవు.

చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. గాడుల అడుగున అడ్డంగా చిన్న గట్లు కనిపిస్తాయి, రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. కానీ తల్లీ, అక్కడిదాకా ఆగకు. గాడి ఉన్నది నీళ్లు తోడి పక్కకి నెట్టడానికి. గాడి లోతు తగ్గేకొద్దీ, వాన రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఆగే దూరం పెరుగుతూ పోతుంది. 3 మిల్లీమీటర్లకి వచ్చాయంటే వర్షాకాలం రాకముందే మార్చడం మంచిది. బండి ఎంత ఖరీదైనదైనా, నేలను పట్టుకునేది నాలుగు అరచేతులంత రబ్బరుతోనే. రెండు టన్నులు దాటిన ఇనుము, అందులో నువ్వు, నీ పిల్లలు, మా అక్కయ్య. అంతా ఆ నాలుగు అరచేతుల మీదే.

ఇక చదువుకుందాం. నీ టైరు పక్కన 255/55 ఆర్ 19 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. 255 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 55 వంతులు, అంటే 140 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 19 అంటే రిమ్ము అంగుళాలు. ఇంతవరకూ దుకాణంలో అందరూ చదువుతారు. ఆ తరవాత ఉన్నదాన్ని చాలామంది చదవరు. నువ్వు చదవాల్సిందే అక్కడ.

దాని పక్కన 111 అనీ, ఒక ఇంగ్లీషు అక్షరమూ ఉంటాయి. 111 అంటే ఆ ఒక్క టైరు 1,090 కిలోలు మోయగలదని. అదే కొలతలో 107 అంకె ఉన్న టైరు చూపించి, "సైజు ఒకటే మేడమ్, కాస్త చవక" అనొచ్చు. 107 అంటే 975 కిలోలే. రెండు టన్నుల చిల్లర బండికి నాలుగు 975లు చాలవా అని నీకు అనిపించవచ్చు. చాలవు. ఏడుగురు ఎక్కి, వెనక సామాను పెట్టి, వేగంగా పోతూ గట్టిగా బ్రేకు నొక్కితే బరువంతా ముందు రెండు టైర్ల మీదకి ఒరుగుతుంది. మలుపులో అయితే ఒక్క పక్కకి. ఆ క్షణం కోసమే తయారీదారు 111 రాశాడు. దాంతోపాటు ఎక్స్‌ఎల్ అనో ఎక్స్‌ట్రా లోడ్ అనో ఉంటే, ఎక్కువ గాలి పట్టి ఎక్కువ బరువు మోసే టైరని అర్థం. బండి పుస్తకంలో ఉన్న అంకెకి పైది వేసుకోవచ్చు, కిందది మాత్రం వద్దు.

ఆ అక్షరం వేగానిది. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్లు, వి అంటే 240, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300. ఔటర్ రింగు రోడ్డు మీదే పరిమితి 120, మనకి ఇదంతా ఎందుకని అడుగుతావు. వేగమంటే టైరుకి వేడి. ఎంత వేడిని తట్టుకుని చెక్కుచెదరకుండా ఉంటుందో ఆ అక్షరమూ చెబుతుంది. మే నెలలో మధ్యాహ్నం సూర్యాపేట దాటుతున్నప్పుడు రోడ్డు ఎలా కాలుతుందో నీకు తెలుసు. అందుకే ఇక్కడ కూడా పుస్తకంలో ఉన్న అక్షరానికి తగ్గకు.

ఇంకొంచెం పక్కకి చూస్తే ఏ, ఓ అనే రెండు అక్షరాలు కనిపించవచ్చు. ఆ టైరుని ఆడి బండికోసమే ప్రత్యేకంగా పరీక్షించి సరిచేశారని దాని అర్థం. మెర్సిడెస్‌కి ఎం, ఓ అని, బీఎండబ్ల్యూకి నక్షత్రం గుర్తు ఇలాగే ఉంటాయి. ఆ గుర్తున్నవి దొరికితే సంతోషం. ఒక్కోసారి దొరకవు, ఎందుకంటే 2020 జూన్ నుంచి విదేశాల నుంచి కార్ల టైర్లు తెప్పించాలంటే లైసెన్సు కావాలి. దొరకలేదని దిగులుపడకు. కొలత, బరువు అంకె, వేగం అక్షరం సరిపోయిన మంచి టైర్లు నాలుగూ ఒకే రకానివి వేసుకుంటే నీ వాడకానికి లోటేమీ ఉండదు. గుర్తున్నవి రెండు, లేనివి రెండు కలపడం మాత్రం వద్దు. ఐఎస్ఐ గుర్తు లేని టైరు ఎంత పేరున్నదైనా, ఎంత చవకైనా, ముట్టుకోకు. మన దగ్గర చేసిందనగానే తక్కువ రకమనీ అనుకోకు. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ ఉంది, చిన్నపండూరులో 2020లో అపోలో ఫ్యాక్టరీ మొదలైంది. ఊరి పేరు, కంపెనీ పేరు చూసి కాదు, నీ బండికి కావలసిన అంకెలు దాని మీద ఉన్నాయో లేదో చూసి తీసుకో.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన నాలుగంకెలు. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే వరస చివర చిన్న గడిలో ఉంటాయి. 1824 అని ఉంటే 2024లో 18వ వారంలో తయారైందని. ఈ సంఖ్య తరచు ఒక పక్కనే ఉంటుంది, బిగించాక లోపలి వైపు పడితే కనిపించదు. కాబట్టి రిమ్ముకి ఎక్కించకముందే చూడు. నేనొకసారి చూడలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడే, సొంత బండికి ఒక దుకాణంలో తగ్గింపు ధరకి టైర్లు కొన్నాను. గాడులు కొత్తవి, రబ్బరు నిగనిగలాడుతోంది, నాకు అంతే చాలనిపించింది. రెండు వేసవులు తిరగకముందే కోదాడ దగ్గర ఒక టైరు పైపొర ఉబ్బి ఊడిపోయింది. పక్కన మీ అత్తయ్య ఉంది. దేవుడి దయవల్ల నెమ్మదిగా పోతున్నాను, బండి ఆగింది. దిగి చూస్తే నేను కొనేనాటికే ఆ టైరుకి ఐదేళ్లు. రోజూ వందల టైర్లు చదివే చేతులు నావి, నా ఇంటి బండి దగ్గరికొచ్చేసరికి చదవలేదు. నీకు అలా జరగకూడదు. ఏడాది లోపువి అడుగు, నాలుగింటి మీదా తేదీ చూడు. గాడి మిగిలి ఉన్నా సరే, ఆరేళ్లు దాటిన టైరు మీద పిల్లల్ని ఎక్కించుకుని దూరం పోకు.

నీ తమ్ముడు పెద్ద రిమ్ములు వేయించమన్నాడని చెప్పావు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ రిమ్ము పెరిగితే చక్రం మొత్తం కొలత మారకుండా పక్కగోడ ఎత్తు తగ్గించాలి. ఆ 140 మిల్లీమీటర్ల గోడే గుంటలో పడ్డప్పుడు దెబ్బ తినేది. అది సన్నబడితే దెబ్బ రిమ్ముకి తగులుతుంది, లేదా గోడ లోపలి దారాలు తెగి బయటకి బుడిపెలా ఉబ్బుతుంది. ఉబ్బిన టైరుకి మరమ్మతు లేదు, మార్చాల్సిందే. మన ఊరి సందు, వాన తరవాత హైదరాబాదు రోడ్డు చూశాక 19 అంగుళాలే నీకు మేలు. అలాగే బండలాంటి గడులున్న ఆల్ టెర్రైన్ టైర్లు కూడా వద్దు. రాళ్లలో, బురదలో రోజూ తిరిగేవారికి అవి అవసరం. నీ ప్రయాణమంతా తారు మీద, సిమెంటు మీద. అక్కడ అవి రొద చేస్తాయి, తడి రోడ్డు మీద పట్టూ తగ్గుతుంది. రోడ్డుకోసం చేసిన, రొద లేకుండా తిరిగే, తడిలో బాగా ఆగే టైరు అడుగు.

పాత టైర్లు విప్పించాక వాటినీ చదువు. రోగి పాత కాగితాలు చూడకుండా నువ్వు మందు రాయవు కదా, ఇదీ అంతే. నడిమధ్య ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ పెట్టారని. రెండంచులూ అరిగితే గాలి తక్కువతో తిప్పారని. ఒక్క అంచే, అందులోనూ లోపలిది అరిగితే అలైన్‌మెంట్ తప్పిందని. అక్కడక్కడా మచ్చల్లా అరిగితే బ్యాలెన్సింగో షాక్ అబ్జార్బర్లో చూపించాలని. ఆ కారణం సరిచేయకుండా కొత్తవి ఎక్కిస్తే లక్ష రూపాయలూ అదే తీరుగా అరిగిపోతాయి.

బిగించేటప్పుడు దగ్గరుండు. అవుట్‌సైడ్ అని రాసిన పక్క బయటికి రావాలి, బాణం గుర్తుంటే అది తిరిగే వైపు ఉండాలి. వాల్వులు కొత్తవి వేయించు. బోల్టులు చివర్లో టార్క్ రెంచితో బిగించమను, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూపించు. స్టెప్నీ వయసు కూడా ఆ రోజే చదువు. కొత్త రబ్బరుకి మొదటి మూడు వందల కిలోమీటర్లు పట్టు పూర్తిగా రాదు, అందాకా నిదానంగా తోలు. తరవాత పదివేలకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించు.

గాలి నెలకోసారి, ఉదయాన్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించు. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద గానీ, ఇంధనం మూత వెనక గానీ రాసి ఉంటుంది. ఇద్దరున్నప్పుడు ఒక లెక్క, నిండుగా ఎక్కినప్పుడు ఒక లెక్క. ఎండాకాలమని గాలి తగ్గించమనేవాళ్ల మాట వినకు. గాలి తక్కువైన టైరు అడుగడుక్కీ నలిగి, లోపల కాగిపోయి పేలుతుంది. డిపోలో పేలిన టైర్లు ఎన్నో విప్పాను, ఎక్కువ వాటి కథ అదే. తెర మీద హెచ్చరిక వచ్చేదాకా ఆగకు, అది వచ్చేసరికి గాలి బాగా తగ్గి ఉంటుంది.

చివరిగా ఒక్క కోరిక. పాతవాటిని దుకాణంలో కొంటామంటే ఇవ్వకు. గుండైపోయిన టైరు ఎక్కడో ఒక బీదవాడి బండి కిందకే చేరుతుంది. పక్కగోడ కోయించి వదిలెయ్యి. వాటి మీద వచ్చే రెండు మూడు వేలు మనకొద్దు.

శనివారం వెళతానన్నావు. నాలుగు టైర్లనీ వరసగా నిలబెట్టించి, 255/55 ఆర్ 19, 111, తేదీ అంకెలు, ఒక్కోదాని మీదా నీ కళ్లతో చదివాకే డబ్బు ఇవ్వు. చదివి, అక్కణ్ణుంచే నాకు ఫోన్ చెయ్యి.

నీ మేలు కోరే
మావయ్య