చివరి పీపా

ఒక వస్తువుకి అది పుట్టిన చోటును బట్టి పేరు పెట్టాలా, చివరికి మగ్గిన చోటును బట్టి పెట్టాలా? మనలాంటి సరిహద్దువాళ్ళకి ఇది పండితుల వాదం కాదు, పిల్లల్ని బడిలో వేసేటప్పుడల్లా తగిలే సంగతే. అయితే ఈసారి నన్ను ఈ ఆలోచనలోకి దింపింది విస్కీ. సాహిత్య పత్రికలో మద్యం గోల ఏమిటని ముఖం చిట్లించే పెద్దలు మన్నించాలి. కల్లు తాగరాదని తిరుక్కురళ్‌లో ఒక అధికారమే ఉంది. అది నేనూ చదివాను.

అమెరికాలో ఉండే మా మేనల్లుడు తిరువళ్ళూరులో వాళ్ళమ్మ ఇంటికి వచ్చినప్పుడు గ్లెన్‌మొరాంజీ అనే స్కాచ్ సీసా తెచ్చాడు. చివర్లో పోర్టు వైను పీపాల్లో పెట్టిన రకం. "గబుక్కున మింగొద్దు మామా, ముందు వాసన చూడు" అన్నాడు. నాకు చెప్పేంతవాడయ్యాడు! చెంచాడు నీళ్ళు కలిపి ఇచ్చాడు. మొదట నారింజ తొక్క, నల్ల చాక్లెట్టు తగిలాయి. మింగిన కాసేపటికి, వాటి వెనకనుంచి, మొలకధాన్యపు తీపి మెల్లగా వచ్చింది.

సింగిల్ మాల్టు అంటే ఒకే బట్టీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసింది. మనం రాగిమాల్టుకి రాగులు మొలక కట్టినట్టే. బట్టీలోంచి దిగినప్పుడు అది నీళ్ళలా తెల్లగా, నాలుక మండేలా ఉంటుంది. స్కాట్లండులోనే, ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు మగ్గితే గాని దానికి స్కాచ్ అనే పేరు రాదు. ఎక్కువ భాగం అమెరికా బర్బన్ పోసి తీసిన పాత పీపాల్లో మగ్గుతుంది. కొందరు దాన్ని పదేళ్ళ తర్వాత వైను పీపాల్లోకి మార్చి కొన్ని నెలలో, ఏడాది రెండేళ్ళో ఉంచుతారు. ఈ పద్ధతి 1990ల్లో బాగా పేరుకెక్కింది.

నాకు చిక్కు ఇక్కడే వచ్చింది. స్కాచ్‌లో వైను పోస్తే తప్పు. నీళ్ళు, రంగు కోసం కాల్చిన చక్కెర తప్ప మరేదీ కలపకూడదని చట్టం. కానీ వైను తాగి ఊరిన చెక్క ఆ వైనునే తిరిగి విస్కీకి ఇస్తే మాత్రం తప్పు లేదు. అదే వైను కదా! ఒకటి కల్తీ, ఇంకొకటి పరిపాకం ఎలా అయింది?

"కాలం, మామా" అన్నాడు వాడు. నాకు చాలలేదు. నీళ్ళు కలిపిన పాలు పది గంటలు ఉంచినా నీళ్ళ పాలే. నాకు తోచింది వేరు. చెంచాతో పోసినప్పుడు పోసిన చెయ్యి తప్ప ఏదీ పని చెయ్యదు. పీపాలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది, పోగొట్టుకోవడమూ ఉంది. అక్కడి చలిలో కూడా ఏటా నూటికి 2 వంతుల దాకా ఆవిరైపోతుంది. దేవతల వాటా అంటారు. అన్నిటికంటే ముఖ్యం, తయారుచేసేవాడు మధ్యమధ్య కొంచెం తీసి రుచి చూస్తాడు. మరీ ఎక్కువ కాలం ఉంచితే బార్లీ రుచి పోయి వైనే మిగులుతుంది. ఎప్పుడు బయటికి తియ్యాలో తెలియడమే అందులో విద్య.

నేను పుట్టింది చిత్తూరు జిల్లాలో, పెరిగింది చెంగల్పట్టు జిల్లాలో, ఇప్పుడు ఉంటున్నది తిరువళ్ళూరు జిల్లాలో. ఇల్లు మాత్రం తిరుత్తణిలో అదే ఇల్లు. 1960 ఏప్రిల్ 1న ఒకసారి, 1997లో ఇంకోసారి, మేం కదలకుండానే పీపా మారింది. మా మాటలో అరవం ఊరిందని విజయవాడ బంధువులు నవ్వుతారు. వాళ్ళ తెలుగు సంస్కృతంలో, ఉరుదూలో, ఇంగ్లీషులో ఊరలేదా? బట్టీ దగ్గరి తెల్ల సరుకు ఎవరూ తాగరు.

ఇలా అనుకుని ఊరట పడొచ్చు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌ని చూపించవచ్చు కూడా. ఇంటిపేరు నెల్లూరు జిల్లా ఊరిది, పుట్టింది 1888లో మా తిరుత్తణిలో, చదువు తిరుపతి, వేలూరు, మద్రాసు, రాసింది ఇంగ్లీషులో. కానీ ఆయన మహానుభావుడు, ఏ పీపాలో ఎంతకాలం ఉండాలో తానే తేల్చుకోగలిగాడు. మా మనవడి సంగతి అది కాదు. 2006 చట్టంతో బడిలో అరవం తప్పనిసరి అయింది. అరవం రావడం మంచిదే, ఉన్న ఊరి భాష రాకపోతే ఎలా? వాడు ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవలేడు. మధ్యమధ్య కొంచెం తీసి రుచి చూసే మనిషి వాడికెవరు? ప్రభుత్వం ఆ పని చెయ్యదు. బడి చెయ్యదు. ఇక మిగిలింది ఇంట్లో వాళ్ళం, వారానికి ఒక గంట.

సీసా మీద వయసు వేసేటప్పుడు మొదటి పీపాలో ఉన్న ఏళ్ళు కొట్టెయ్యరట. రెండూ కలిపే లెక్క వేస్తారట. ఈ సంగతి మేనల్లుడు చెప్పినప్పుడు నేను రెండో గ్లాసు వద్దన్నాను, చివరి లోకల్ బండికి టైమైందని.