తడి మట్టిలో దాహం

కుండీలో మొక్క ఆకులు వాల్చేస్తే ఎవరైనా మొదట చేసే పని చెంబెడు నీళ్లు పోయడం. ఎందుకు వాడిందన్న ఆలోచన ఆ తర్వాత వస్తుంది, చాలాసార్లు రాదు కూడా. ఆ తొందరలో ప్రేమ లేదని అనను. కానీ ఆ ప్రేమ మొక్క అవసరంలోంచి పుట్టిందా, వాడిన ఆకుల్ని చూడలేని మన ఇబ్బందిలోంచి పుట్టిందా అన్న ప్రశ్న నన్ను కొంతకాలంగా వదలడం లేదు. చూడ్డానికి చిన్న విషయమే. అయితే కనిపెట్టుకుని ఉండే పనంతా పుట్టుకతోనే ఆడవాళ్ల చేతుల్లో పెట్టిన సమాజంలో, కనిపెట్టుకోవడం అంటే అసలేమిటని అడగడం చిన్న విషయం కాదనుకుంటాను.

ముందు మొక్క సంగతి చూద్దాం. ఆకులోని కణాల నిండా నీరు ఉండి, అది కణాల గోడల్ని లోపల్నించి నెడుతూ ఉంటేనే లేత ఆకు నిటారుగా నిలబడుతుంది. ఆకు అడుగునున్న సన్నని రంధ్రాల్లోంచి నీరు నిరంతరం ఆవిరై పోతుంటుంది. పోయినంత నీరు వేళ్ల నుంచి రాకపోతే ఆకు వాలిపోతుంది. అంటే వాలిన ఆకు మనకు చెప్పేది ఒక్కటే, నీరు ఆకుదాకా రావడం లేదని. మట్టిలో నీరు లేదని అది చెప్పడం లేదు. మట్టి ఎండిపోయినా ఆకు వాలుతుంది. మట్టి రోజుల తరబడి చిత్తడిగా ఉన్నా వాలుతుంది. వేళ్లు కూడా ఊపిరి పీలుస్తాయి. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోటంతా నీరు నిండిపోతే వాటికి ప్రాణవాయువు అందదు. అవి కుళ్లిపోయి, చుట్టూ ఉన్న నీటినే తాగలేకపోతాయి. ఇక మూడో రకం ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండకి వాలి, సాయంత్రానికి దానంతటదే లేచే ఆకు. దానికి మనం చేయాల్సిందేమీ లేదు.

కాబట్టి ఒకే లక్షణానికి మూడు జవాబులున్నాయి: నీళ్లు పోయడం, పోయడం ఆపడం, ఊరుకోవడం. ఏది సరైనదో ఆకును చూస్తే తెలియదు. మట్టిలో రెండు కణుపుల లోతు వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఏలూరులో మేముండే వాటాల ఇంట్లో పై వాటా వాళ్ల తులసి కార్తీకమాసంలో వాడిపోయింది. "ఇంట్లో ఆడది మనసుపెట్టి చూస్తే తులసి వాడుద్దా?" అని అత్తగారు అందరికీ వినపడేలా అన్నారు. కోడలు ఆ మాట పడలేక పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోయడం మొదలుపెట్టింది. తులసి ఇంకా వాలిపోయింది.

"మామ్మగారూ, ఒకసారి మట్టిలో వేలు పెట్టి చూడండి" అన్నాను.

"తడిగానే ఉందమ్మా. మరెందుకలా ఉందంటావ్?"

తొట్టి అడుగున బెజ్జం మూసుకుపోయి ఉంది. కోడలూ నేనూ మొక్కను మట్టితో సహా బయటికి తీశాం. గోధుమరంగుకి తిరిగి జిగటగా ఉన్న వేళ్లను కత్తిరించి, తెల్లగా గట్టిగా ఉన్నవాటిని ఉంచాం. ఇసుక కలిపి గుల్లగా చేసిన మట్టిలో మళ్లీ నాటి నీడన పెట్టాం. ఉన్న కొద్ది వేళ్లమీద భారం తగ్గించడానికి కొన్ని కొమ్మలు తుంచాం. ఎరువు వేయలేదు, దెబ్బతిన్న వేళ్లకు అది ఇంకా చేటు. పై మట్టి ఆరేదాకా నీళ్లు పోయొద్దనుకున్నాం. మూడు వారాలకు కణుపుల దగ్గర చిగురు కనబడింది. అమ్మవారు చల్లగా చూసిందన్నారు అత్తగారు. వాడితే నింద కోడలికి, బతికితే కీర్తి అమ్మవారికి. ఈ లెక్క మన ఇళ్లలో అన్ని పనులకూ వర్తిస్తుంది.

ఈ ప్రాంతం వాళ్లకి నీటి గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లన్నీ తెచ్చిపోసే నీటికి కొల్లేరు నుంచి సముద్రానికి ఉన్న సహజమైన దారి ఉప్పుటేరు ఒక్కటే. కొల్లేరు అనే పెద్ద తొట్టికి అదే బెజ్జం. చేపల చెరువుల గట్లు అడ్డంపడి నీరు కదలకపోతే ఏమవుతుందో లంక గ్రామాలకు తెలుసు, చుట్టుపక్కల వరిచేలకు తెలుసు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల్లో చేర్చారు. 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ చర్యలో ఎవరి బతుకులు ఎలా దెబ్బతిన్నాయన్నది వేరే పెద్ద చర్చ. నాకిక్కడ కావలసింది ఒక్క మాట. నీరు రావడం ఎంత ముఖ్యమో పోవడమూ అంతే ముఖ్యమని ఈ నేలకు తెలుసు. ఇంట్లో మాత్రం ఆ సంగతి మర్చిపోతాం.

తాడేపల్లిగూడెంలో నా స్నేహితురాలు పెళ్లయిన నాలుగేళ్లకు పుట్టింటికి తిరిగొచ్చేసింది. చిక్కి శల్యమై ఉంది. వాళ్లమ్మగారు సున్నుండలు చేశారు, పూటపూటా పక్కన కూర్చుని తినిపించారు. రాత్రి పక్కనే పడుకున్నారు. బంధువులు రోజుకొకరు వచ్చి ఓదార్చి వెళ్లారు. ఆమె రోజురోజుకీ మరింత ముడుచుకుపోయింది. "అందరూ నన్నే చూస్తున్నారే, నాకు గాలాడ్డం లేదు" అంది నాతో.

"అదేం కావాలంటోందో అడిగారా పిన్నిగారూ?" అన్నాను వాళ్లమ్మతో.

"అడగడానికేముందమ్మా, చూస్తే తెలుస్తోందిగా!" అన్నారావిడ. కాసేపాగి, "నాకు చేతనైంది వండిపెట్టడమే కదా" అన్నారు.

ఆ రెండో మాట దగ్గర నేను ఆగిపోయాను. అతిగా పోసే చేతిని తప్పుపట్టడం తేలిక. జీవితమంతా వంటింటికే పరిమితం చేసిన మనిషి దుఃఖం ఎదురైనప్పుడు తన దగ్గరున్న ఒక్క పనిముట్టునే తీస్తుంది. ఆవిడ చేతిలో చెంబు మాత్రమే పెట్టింది ఎవరు? స్నేహితురాలు అడిగింది తలుపు వేసుకోగల గది, ఉద్యోగానికి దరఖాస్తు పెడితే నాన్న అడ్డుచెప్పకుండా ఉండడం. ఆ రెండూ ఇవ్వగల అధికారం ఆ ఇంట్లో తల్లికి లేదు. సున్నుండలు ఇవ్వగలదు, ఇచ్చింది.

ఐరిస్ మర్డాక్ 1970లో వచ్చిన 'ద సావరినిటీ ఆఫ్ గుడ్'లో ఒక అత్తాకోడళ్ల ఉదాహరణ ఇస్తుంది. కోడలు మోటుదని, చిన్నపిల్లల చేష్టలని అత్తగారి అభిప్రాయం. పైకి మర్యాదగానే ఉంటుంది. తర్వాత ఆమె తన చూపులో అసూయ, పాతకాలపు పట్టింపులు ఉన్నాయేమోనని అనుమానపడి మళ్లీ చూస్తుంది. అప్పుడు మోటుతనం నిష్కపటంగా కనబడుతుంది. బయటి ప్రవర్తనలో ఏమీ మారలేదు, అయినా నైతికమైన పని జరిగిందంటుంది మర్డాక్. చేయడం కన్నా ముందు చూడడం ఉందని, సరిగ్గా చూడడమే ఒక శ్రమ అని నేను దీన్నుంచి తీసుకుంటాను. మట్టిలో పెట్టిన వేలు అలాంటి శ్రమ.

దీనికి ఎదురు ప్రశ్న ఒకటుంది. వరి నీళ్లలోనే నిలబడుతుంది కదా, అలవాటు పడితే ఏదైనా బతుకుతుంది కదా అని. ఆడపిల్లలకు చెప్పే 'సర్దుకుపో' అన్న మాటకు పునాది ఇదే. వరి కాండంలోనూ వేళ్లలోనూ గాలి ప్రయాణించే గొట్టాల్లాంటి ఖాళీలున్నాయి కాబట్టి అది నిలబడుతుంది. ఆకులతో సహా మునిగితే అదీ చస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకానికి ముంపును తట్టుకునే జన్యువు చేర్చి రూపొందించిన స్వర్ణ సబ్-1ను 2009లో విడుదల చేశారు. అది సుమారు రెండు వారాల పూర్తి ముంపును తట్టుకుంటుంది. ఎలాగంటే, మునిగినప్పుడు పెరగడం ఆపేసి, ఉన్న శక్తిని దాచుకుంటుంది. నీరు తీశాక మళ్లీ పెరుగుతుంది.

మనవాళ్లు 'ఓర్పు' అని పొగిడేది సరిగ్గా దీన్నే. ఎదగడం ఆపుకుని బతికి ఉండడం. ప్రమాదంలో అది తెలివైన పద్ధతే, దాన్ని నేను చిన్నబుచ్చను. కానీ వరికి అది రెండు వారాల ఉపాయం. ఆడదానికి దాన్ని జీవితకాలపు గుణంగా బోధిస్తే, ముంపు తీయాల్సిన బాధ్యతను అందరూ తప్పించుకున్నట్టే.

మొక్కతో స్త్రీని పోల్చడం మనకు కొత్త కాదు. అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు' మన సాహిత్యంలో ఆ పోలికను స్థిరపరిచింది. అక్కడి ప్రశ్న కత్తిరించే చేతి గురించి. నేనడుగుతున్నది పోసే చేతి గురించి. అయితే పోలిక ఒకచోట ఆగాలి. మొక్క మాట్లాడదు కాబట్టి మట్టిని అడగాలి. మనిషి మాట్లాడుతుంది. చూస్తే తెలుస్తోందిగా అనడం మొక్క విషయంలో పొరపాటు మాత్రమే, మనిషి విషయంలో అన్యాయం.

ఇంకొక సంగతి. వాలిన ఆకు నీరందితే లేస్తుంది గానీ, పండిపోయిన ఆకు మళ్లీ పచ్చబడదు. అది రాలుతుంది. కోలుకోవడం తెలిసేది కొత్త చిగురులోనే, అదీ మనం ఊహించిన వైపు వస్తుందన్న హామీ లేదు. ఒక స్త్రీ తేరుకుంటున్నప్పుడు ఆమె మునుపటిలా కావాలని కోరేవాళ్లు పాత ఆకుల కేసి చూస్తూ కూర్చున్నట్టే. నా స్నేహితురాలు ఇప్పుడు ఏలూరులో ఒక్కతే గది తీసుకుని ఉద్యోగం చేసుకుంటోంది. ఆమె మారిపోయిందని బంధువులు అంటున్నారు. మారింది, నిజమే.