కాలదోషము పట్టని ఋణము

ధర్మపురిలో ఒక జవుళి అంగడిలో మేము ముప్పది యేండ్లు పద్దులు వ్రాసితిమి. తరతరములుగా ఈ సీమలో నిలిచిన మన తెలుగు కుటుంబములలో అరువిచ్చినవాడును, పుచ్చుకొన్నవాడును ఒకే పెండ్లిపందిట కలిసికొనువారు. కావున మా యజమాని మొగమాటపడి బాకీలు అడుగలేదు. దానిచేత నేతగాండ్రకు ఈయవలసిన సొమ్ము ఆలస్యమయ్యెడిది. ఔదార్యము ఆయనది, పస్తు వారిది!

1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి, గడువు నిర్ణయింపక అరువునకమ్మిన సరుకు వెలకై, సరుకిచ్చిన నాటినుండి 3 సంవత్సరములలో దావా వేయవలెను. పిదప బాకీకి కాలదోషము పట్టును. ఐనను అట్టి బాకీనే చెల్లింతునని వ్రాసి, చేవ్రాలు చేసిన వాగ్దానము 1872 నాటి ఒప్పందముల చట్టము ప్రకారము చెల్లును. అనగా మూతపడునది న్యాయస్థానపు వాకిలి, ఋణము తీరలేదు.

ఒక గృహస్థు కాలదోషము పట్టిన పద్దునకు తానే సొమ్ము తెచ్చి, “అయ్యా, మీరు అడుగలేదు, నేను సిగ్గుచే ఇన్నాళ్లు ఈ వీథిని నడువలేదు” అనెను. ఆనాడు మాకు తెలిసినది: మొగమాటము ఇరువురికిని చెరుపు. గడువులోపల, నలుగురి యెదుట గాక, మెత్తగా అడుగుట లోభము కాదు. అది నేతగానియెడల న్యాయము, బాకీదారునియెడల మర్యాద.