ఎండలో ఎవరి వాటా ఎంత

మా అబ్బాయి హైదరాబాదు నుంచి లెక్క పంపాడు. మా డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలకి రెండు లక్షల చిల్లర. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ. మిగతాది ఐదారేళ్ల బిల్లుల్లో తీరిపోతుంది, పలకలు పాతికేళ్లుంటాయి, ఆ పైనంతా ఉచితమేనమ్మా అన్నాడు. పదేళ్లకోసారి ఇన్వర్టరు మార్చాల్సి రావచ్చన్న ఖర్చు వాడు లెక్కలో వేయలేదు గానీ, అది కలిపినా గిట్టుబాటే.

ఉచితం అన్నదే నాకు మింగుడు పడలేదు. తాటిపాకలో ఉంటూ అలాంటి మాట నమ్మడం కష్టం. ఓఎన్జీసీ రిఫైనరీ మా ఊళ్లోనే ఉంది. పక్కనున్న నగరం అనే ఊళ్లో 2014 జూన్ 27న తెల్లవారుజామున గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. భూమిలోంచి తీసినదాని ఖరీదు అలా కట్టినవాళ్లు వేరు, దాన్ని వాడుకున్నవాళ్లు వేరు. ఎండకి ఆ పాపం లేదు. నన్నడిగితే పలకలు పెట్టించుకోవడానికి ఆ కారణం ఒక్కటీ చాలు, సబ్సిడీ తర్వాత సంగతి.

అయినా సూర్యుడిచ్చినదాన్ని ఎలా తినాలన్నది అరణ్యపర్వంలో ధర్మరాజుకే వచ్చిన సమస్య. అక్షయపాత్ర ఇచ్చినవాడు సూర్యుడే. దానికో నియమం ఉంది: ద్రౌపది తినేదాకానే అందులో అన్నం ఊరుతుంది. అందుకే ఆవిడ అతిథులకీ, భర్తలకీ పెట్టి ఆఖర్న తినేది. మా డాబా మీద వరస తిరగబడుతుంది. ముందు మా ఫ్యాన్లు, మా ఫ్రిజ్జు. మిగిలిన యూనిట్లు లైన్లోకి పోయి పక్కింట్లో వెలుగుతాయి, వాటినీ మీటరు రాసుకుని మా బిల్లులో తగ్గిస్తుంది. తప్పనడం లేదు. అది దానం కాదు, బదులు. పుణ్యం ఖాతాలో వేసుకోకూడదంతే.

ఒక్కచోట మాత్రం ఈ యంత్రం ద్రౌపదిలా నడుచుకుంటుంది. లైన్లో కరెంటు పోతే, నడినెత్తిన ఎండున్నా మన పలకలూ ఆగిపోతాయి. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మన కరెంటు తగలకూడదని ఆ ఏర్పాటు. ఇది తెలిసి మా వీధిలో ఒకాయన మరి దండగ కదండీ అన్నారు. నాకైతే మొత్తం సరంజామాలో నచ్చిందదే.

అసలు పేచీ చెట్ల దగ్గర వచ్చింది. ఆగ్నేయం మూల రెండు కొబ్బరిచెట్లున్నాయి. 96 నవంబరు తుఫానుకి పెరడంతా నేలమట్టమైతే మరుసటేడు మా ఆయన నాటినవి. పొద్దున్న పదింటిదాకా వాటి నీడ డాబా మీదే. కొలతలకొచ్చిన కుర్రాడు, "ఒక్క పలక మీద మట్ట నీడ పడినా వరసంతా తగ్గుతుంది పిన్నిగారూ, కొట్టించేయండి" అన్నాడు. కొబ్బరిచెట్టుని ఇంటికి పెద్దకొడుకంటాం మేము. చిన్నకొడుకు లెక్క కుదరడానికి పెద్దకొడుకుని నరకమంటే ఎలా? ఆ చెట్లూ ఎండనే తిని కాయలిస్తున్నాయి, మా పలకలకంటే ఇరవై ఏళ్ల ముందునుంచీ. హక్కంటూ ఉంటే ముందు వాటిదే.

నీడ పడని పడమటి సగంలో రెండు కిలోవాట్లే పెట్టమన్నాను. సబ్సిడీ అరవై వేలొస్తుంది. వేసవిలో ఏసీ వేస్తే బిల్లొస్తుందని మా అబ్బాయి గొణిగాడు. రానీ, కొబ్బరి దింపు డబ్బుల్లోంచి కడతానన్నాను.