చదవలేని కోడ్‌ను నమ్మవచ్చా?

లినక్స్‌ను తొలిసారి ఎక్కించుకున్నవారిని తరచూ ఇబ్బంది పెట్టేది వైఫై. కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌లు తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ (చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) లేనిదే పనిచేయవు. దాన్ని దించుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ రావాలంటే అదే ఫర్మ్‌వేర్ కావాలి. ఫోన్‌లోని ఇంటర్నెట్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో పంచుకుంటే పని గడుస్తుంది.

ధర్మసందేహం మాత్రం మిగులుతుంది.

ఆ ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్‌ను తయారీదారు బయటపెట్టడు. ఎంఐటీలో ఓ ప్రింటర్ సాఫ్ట్‌వేర్ సోర్స్ దక్కక కలతపడిన రిచర్డ్ స్టాల్‌మన్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. ఆయన నిష్ఠ ప్రకారం మూసిన కోడ్‌ను పంచడమే తప్పు. లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ కూడా చాలాకాలం అలాంటి ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌కు దూరంగా ఉంచింది. 2022లో సభ్యులు ఓటు వేసి, తమ మూలసూత్రాల పత్రమైన సామాజిక ఒప్పందాన్నే సవరించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లో ఆ ఫర్మ్‌వేర్ చేరింది.

ఇది రాజీ అనేవారి బాధ నిజమైనదే. అయినా డెబియన్ నిర్ణయమే న్యాయం. అదే కోడ్ చిప్‌లో చెరగకుండా ముద్రించి వస్తే పట్టించుకునేవారు తక్కువ; ఫైలుగా వస్తేనే పాపమా? పైగా ఏ ఫర్మ్‌వేర్ ఎక్కిందో వినియోగదారుకు తెలపాలనీ, వద్దంటే ఆపుకునే వీలుండాలనీ ఆ తీర్మానమే చెప్పింది.