పడుగు దువ్విన చేయి

తుంగభద్ర ఒడ్డున ఆలంపూర్‌లో ఒక పిల్ల ఉండేది. నెత్తి నిండా రింగులే. తడిపితే భుజాలు దాటే జుట్టు, ఆరేసరికి ముడుచుకుపోయి చెవుల దగ్గర నిలిచేది. ఆ ఇంట్లో మిగతా అందరివీ సాపు జుట్లు. అమ్మకు నడుము దాకా జడ, మేనత్తకు అంతకన్నా జానెడు ఎక్కువ. అందుకని ఆ పిల్ల నెత్తిని ఇంట్లో ఒక జబ్బులాగా చూసేవాళ్లు.

బడికి పోయే ముందు రోజూ గోలే. ఆరి గట్టిపడిన జుట్టును అమ్మ సన్నపళ్ల దువ్వెనతో నడినెత్తి నుంచి కిందికి ఒక్క లాగు లాగేది. చిక్కు పడిన చోట దువ్వెన ఆగేది. అమ్మ ఆగేది కాదు. పటపటమని చప్పుడయ్యేది, పిల్ల కళ్లలో నీళ్లు తిరిగేవి. దువ్వెన పళ్ల మధ్య ఇరుక్కున్న వెంట్రుక ముక్కలను తీసి అమ్మ పిల్ల ముందు పెట్టేది.

"చూడు, ఎట్ల రాలుతుందో. ఇది పెరిగే జుట్టు కాదే."

తర్వాత నుదుటి చర్మం సాగేటట్టు రెండు జడలు బిగించి రిబ్బన్లు కట్టేది.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలొచ్చాయి. అప్పుడు పిల్లది ఆరో తరగతి. "ఒక్కసారి గుండు చేయిస్తే సాపుగ మొలుస్తది" అని మేనత్త పట్టుబట్టింది. గొందిమళ్ల ఘాట్ దగ్గర గుండు చేయించారు. అడిగినవాళ్లకు మొక్కు అని చెప్పారు గానీ అది మొక్కు కాదు. దేవుడి మీది భక్తితో తలనీలాలిచ్చే మనిషి తనకున్న మంచిదాన్ని ఇస్తుంది. ఇక్కడ ఇచ్చింది వద్దనుకున్నదాన్ని. ఆ తేడా పిల్లకు తెలిసింది. పుష్కర స్నానానికి వచ్చిన జనంలో అందరికన్నా గట్టిగా ఏడ్చింది తనే.

కొన్నాళ్లకే మొలకలు వచ్చాయి. ఆరు నెలలకు మళ్లీ అవే రింగులు. మేనత్త తల కొట్టుకుంది. "ఇంక దీనికి కాలమంతా పొట్టిగ కత్తిరిచ్చుడే."

"నాకు పొడుగు జడ గావాలె అత్తా" అంది పిల్ల.

ఇంట్లో అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు మాత్రం దానికి చాలా రోజులు గుర్తుంది.

ఎండాకాలం సెలవులకు రాజోలి పోయింది. అమ్మ పుట్టిల్లు అది. తాత గద్వాల చీరలు నేస్తాడు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే చీరలవి. నూలుదొక సాగు, పట్టుదొక సాగు. రెండింటినీ ఒకే తీరుగా లాగితే ఏదో ఒకటి తెగుతుంది. తాత అరవై ఏళ్లుగా ఆ రెండింటికీ సర్దిచెబుతూ బతికినవాడు. అయినా మనవరాలి నెత్తి చూసి ఆయన కూడా "అమ్మ పోలిక రాలేదు, ఏం జేస్తం" అనే అన్నాడు.

ఒకనాడు తెల్లవారుజామున వీధిలో పడుగు సాపారు. ఇంకా ఎండ పొడవలేదు. తాత పోగులకు గంజి పట్టించి, పెద్ద కుంచెతో ఆ కొస నుంచి ఈ కొస దాకా నిమిరినట్టు దువ్వుతూ నడుస్తున్నాడు. పిల్ల వెంట నడుస్తూ చూస్తోంది. ఒక పోగు తెగింది. ఒకే ఒక్క పోగు. తాత కుంచె కింద పెట్టి, వంగి, కొసలు వెతికి పట్టుకొని, రెండు వేళ్ల మధ్య మెలిపెట్టి అతికాడు. అప్పుడు గానీ ముందుకు కదలలేదు.

"తాతా, ఎండినంక దువ్వొచ్చు గదా?"

"ఎండినంక దువ్వితే తెగుతది బిడ్డా. గంజి తడి మీదనే నడవాలె కుంచె."

"చిక్కు పడితే?"

"లాగొద్దు. లాగితే ముడి బిగుస్తది. కొస కాడ్నుంచి ఒక్కొక్కటి ఇడిపిచ్చుకుంట పైకి రావాలె."

పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"పోగు తెగితే నువ్వు ఆగి అతుకుతవు. నా నెత్తి రోజూ పటపట తెగుతుంటె ఎవ్వరు ఆగరేంది తాతా? ఎంటిక తెగితే అతుకు పడతదా?"

తాత జవాబు చెప్పలేదు. కుంచె కడిగి గోడకు ఆనించి, అవ్వను పిలిచి అన్నం వార్చిన గంజి తెమ్మన్నాడు. పిల్లను అరుగు మీద కూర్చోబెట్టి జుట్టు తడిపాడు. పల్చని గంజి పట్టించి, దువ్వెన ముట్టకుండా వేళ్లతోనే కొసల దగ్గర మొదలుపెట్టాడు. ఒక రింగు విడిపోయాకే ఇంకొకటి. ఎండ అరుగెక్కేదాకా పట్టింది ఆ పని. చివరికి ఆయన అరచేతిలో మిగిలింది నాలుగు వెంట్రుకలు.

ఆ రాత్రి మగ్గం దగ్గర మిగిలిన పట్టు ముక్క తెచ్చి మనవరాలి తలకు వదులుగా చుట్టాడు. "నూలు దిండు మీద రాసుకుంటది, పట్టు మీద జారుతది" అన్నాడు. ఆయనకు జుట్టు సంగతి తెలియదు. పోగు సంగతి తెలుసు. అది చాలింది.

పిల్ల ఆలంపూర్ తిరిగొచ్చింది. "మా నాయనకు మగ్గం తప్ప ఏం తెలుసు?" అంది అమ్మ. పిల్ల వాదించలేదు. వారానికి ఒకసారి కుంకుడు రసంతో తలంటుకునేది. తడి మీద, కాస్త కొబ్బరి నూనె రాసి, పెద్దపళ్ల దువ్వెనతో కొసల నుంచి చిక్కు తీసేది. వదులు జడ వేసుకొని కొస బయటికి కనిపించకుండా లోపలికి మడిచి కట్టేది. తప్పులూ చేసింది. ఒక పెళ్లికి సాపుగా కనబడాలని పక్కింటి అక్క ఇస్త్రీ మిషన్‌తో జుట్టు కాల్పించుకుంది. కొసలు పీచయ్యాయి. కాలిన కొస మళ్లీ బతకదని తెలిసి రెండంగుళాలు తనే కత్తిరించుకుంది, ఏడవకుండా.

మేనత్త మాత్రం ప్రతి పండక్కీ వచ్చి కొలిచేది. "రెండేండ్లాయె, ఇంక చెవుల కాడ్నే ఉన్నది." పిల్ల ఒక రింగును పట్టి సాగదీసేది. అది భుజం దాకా వచ్చేది. వదిలితే మళ్లీ చెవి దగ్గరికి. "సాగదీసి చూపిస్తే అదేం జుట్టు?" అనేది అత్త.

ఒక దసరాకు అవ్వ కూడా వచ్చింది. అందరూ జోగులాంబ గుడికి పోయారు. పిల్ల తలంటుకొని జుట్టు ఆరబెట్టుకుంటూనే నడిచింది. "అమ్మోరి లెక్క ఇరబోసుకొని తిరిగితె ఇల్లు పాడైతది" అని గుడి మెట్ల మీదనే తిట్టింది అత్త. జోగులాంబ జడల్లో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉంటాయని ఆ ఊళ్లో పిల్లలకూ తెలుసు. ఇంట్లో జీవకళ తగ్గేకొద్దీ అవి ఒక్కొక్కటిగా చేరతాయని పెద్దలు చెబుతారు.

అవ్వ ఆగింది. "అమ్మోరి నెత్తిని ఎవరన్నా కత్తిరియ్యమన్నరా? ఆ నాలుగు జుట్టును చూసి రావు. ఎవ్వరు పట్టిచ్చుకోని ఇంట్లకొస్తయి. ఈ పిల్ల దాని నెత్తిని పట్టిచ్చుకుంటుంది. నీకేం నొప్పి?"

2020 నవంబరులో తుంగభద్ర పుష్కరాలు. ఈసారి నది ఇంటి ముందరిదే. పిల్ల మునిగి లేచింది. నీటి బరువుకు రింగులన్నీ సాగి, జుట్టు వీపు దాటి నడుము మీద పడింది. ఒడ్డున తువ్వాలు పట్టుకొని నిలబడ్డ అమ్మ చాలాసేపు చూసింది. ఇంటికొచ్చాక సన్నపళ్ల దువ్వెన పక్కన పెట్టి, కూతురు వాడే పెద్దపళ్ల దువ్వెన తీసుకొని వెనక కూర్చుంది.

"కొస కాడ్నుంచేనా?" అని అడిగింది.

కథ ఇంతే. ఇక నీతి.

ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. పిల్ల మీద ప్రేమ లేక అన్న మాటలూ కావవి. కానీ "ఇది పెరగదు" అని ఏ చేయి నమ్మిందో ఆ చేయే రోజూ తెంపింది. తెంపిన ముక్కలనే సాక్ష్యంగా చూపించింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా బరువైన సంగతి ఇదే. మనం ఒక పిల్లను నమ్మనప్పుడు మన అపనమ్మకం ఊరికే ఉండదు, పని చేస్తుంది. చదువు రాదని నమ్మినవాళ్లు పుస్తకం లాక్కొని ఇంటి పని చెబుతారు. మార్కులు తగ్గాక "మేం చెప్పలేదా" అంటారు.

జుట్టు విషయంలో ఈ నీతి అక్షరాలా నిజం. వెంట్రుక పెరిగేది చర్మం కింద, కుదురులో. అక్కడ అది సుమారు నెలకు అర అంగుళం చొప్పున తన పని తాను చేసుకుపోతుంది. రింగుల జుట్టూ పెరుగుతుంది. ఆ రెండు పుష్కరాల మధ్య 51 నెలలు. లెక్క వేస్తే రెండడుగులకు పైమాటే. అంతకు ముందూ పిల్ల జుట్టు రోజూ పెరుగుతూనే ఉంది, రోజూ తెగుతూనే ఉంది. అందుకే ఎదగనట్టు కనబడింది. గుండు చేయిస్తే సాపుగా మొలవకపోవడానికీ కారణం కుదురే. రింగు ఆకారం దానిలోనే ఉంటుంది, మంగలి కత్తి అక్కడి దాకా పోదు.

బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. నేసిన పోగు లాంటిదే. చిరిగితే తనంతట తాను మానదు. నడుము దాకా వచ్చిన జుట్టు కొస నాలుగేళ్ల పాతది. నాలుగేళ్ల ఎండను, దుమ్మును, దువ్వెనను ఓర్చుకున్నది. అందుకే కొసను అందరికన్నా పెద్దదాన్ని చూసినట్టు చూసుకోవాలి. మాడు మీది నూనె సాపు జుట్టులో సులువుగా కిందికి జారుతుంది. రింగుల మలుపుల్లో అది కొస దాకా చేరదు, అందుకే ఆ జుట్టు ఊరికే ఎండిపోతుంది. మన అవ్వలు కొబ్బరి నూనె పెట్టడంలో అర్థముంది. కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి 2003లో మన దేశ పరిశోధకులే ప్రచురించిన పరీక్షలో, వెంట్రుకలోని ప్రొటీన్ పోవడాన్ని బాగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. బిగించి వేసే జడల సంగతి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి కుదుళ్లను అట్లా లాగితే నుదుటి దగ్గర, చెవుల పక్కన జుట్టు పలచబడుతుంది. ముదిరితే ఆ చోట మళ్లీ మొలవదు.

ఈ గొడవ ఆలంపూర్‌ది మాత్రమే కాదు. అమెరికాలో నల్లజాతి స్త్రీలు తమ పుట్టుజుట్టుతో బడికి, కొలువుకు పోయే హక్కు కోసం పోరాడవలసి వచ్చింది. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం జుట్టు తీరును బట్టి వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. జుట్టును సాపు చేసే మందుల గురించి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2022లో ఒక అధ్యయనం బయటపెట్టాయి. 33 వేలకు పైగా స్త్రీలను దాదాపు 11 ఏళ్లు గమనించి చేసినది. ఆ మందులను తరచుగా వాడినవాళ్లలో గర్భాశయ క్యాన్సర్ వచ్చే ముప్పు వాడనివాళ్లకన్నా రెండింతలకు పైగా కనిపించింది. మన పట్నాల పార్లర్లలో పదో తరగతి పిల్లలకు కూడా స్ట్రెయిటెనింగ్ చేయిస్తున్న తల్లులు ఈ సంగతి తెలుసుకోవాలి. అందం కోసమే చేయిస్తున్నామనుకుంటారు. పిల్లకు మాత్రం "నువ్వు పుట్టిన తీరు బాగాలేదు" అనే మాటే వినబడుతుంది.

ఒక సంగతి మరవొద్దు. దువ్వెన మార్చినా, బిగించడం మానినా కుదుళ్లతో సహా జుట్టు కుచ్చులుగా రాలుతుంటే కారణం ఒంట్లో ఉండొచ్చు. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అలాంటప్పుడు నూనె సీసా మార్చి లాభం లేదు, రక్తపరీక్ష చేయించాలి.

మీ ఇంట్లో రింగుల జుట్టు పిల్ల ఉంటే, వచ్చే ఆదివారం తలంటు పోశాక మీరే దగ్గర కూర్చోండి. సన్నపళ్ల దువ్వెన దాచేయండి. జుట్టు తడిగా ఉండగానే కాస్త నూనె రాసి, వేళ్లతో కొసల దగ్గర మొదలుపెట్టండి. గంట పడుతుంది. ఆ గంటసేపూ పెరగదన్న మాట మాత్రం అనకండి.