తండ్రితో ప్రయాణం: ఎవరి వేగంతో?

తల్లిదండ్రుల పట్ల ఉత్తమంగా మెలగాలన్న విషయంలో మన ఇళ్ళలో ఎవరికీ సందేహం లేదు. జుమా ఖుత్బాల్లో వింటాం, పిల్లలకు నేర్పుతాం. అయితే ఈ ఆదేశం అన్నిటికన్నా బరువుగా మన మీద పడే సమయం ఏదో ఆలోచించేవారు తక్కువ. దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలోని 23, 24 ఆయతుల్లో అల్లాహ్ ఒక ప్రత్యేక సందర్భాన్ని పేర్కొన్నాడు. అది తల్లిదండ్రుల్లో ఒకరో ఇద్దరో మన దగ్గర ఉంటూ వృద్ధాప్యానికి చేరుకున్న సందర్భం. అప్పుడు విసుగు ధ్వనించే చిన్న మాట కూడా అనవద్దన్నాడు. కసురుకోవద్దన్నాడు. మర్యాదగా మాట్లాడమని, దయతో అణిగిమణిగి ఉండమని, వారి కోసం దుఆ చేయమని ఆజ్ఞాపించాడు.

'మన దగ్గర' అన్న మాట గమనించండి. అంటే ఒకప్పుడు వారి చేతిలో ఉన్న అధికారం మన చేతికి వచ్చిందన్నమాట. చిన్నతనంలో మనం చూపిన విధేయతలో కొంత భయం ఉంది, కొంత అవసరం ఉంది. బలం మన పక్షాన ఉన్నప్పుడు చూపే విధేయతే అసలైన పరీక్ష.

ఈ మార్పు కారు ప్రయాణంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. స్టీరింగు మన చేతిలో ఉంటుంది. ఎప్పుడు బయలుదేరాలో, ఎక్కడ ఆగాలో, చివరికి కిటికీ అద్దం ఎంత దించాలో కూడా మనమే నిర్ణయిస్తాం. మన వేలు పట్టుకుని బజారుకు నడిపించిన మనిషి ఇప్పుడు పక్క సీట్లో కూర్చుని, ఒకసారి ఆపమని అడగడానికి కూడా మొహమాటపడుతున్నారు. అక్కడే ప్రశ్న పుడుతుంది. ఈ ప్రయాణం ఎవరి వేగంతో సాగాలి?

దారిలో ఒక రోజు

విజయవాడ నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద సుమారు 270 కిలోమీటర్లు. ఒక శీతాకాలపు రోజున బంధువుల ఇంట వలీమా కోసం మేము నాన్నగారిని తీసుకుని ఆ దారిన వెళ్ళాం. ఆయనకు డెబ్బై అయిదు దాటాయి. ఉద్యోగం రోజుల్లో ఆ దారిలో బస్సుల్లో తిరిగి తిరిగి అలిసినవారు. ఇప్పుడది 65వ నంబరు జాతీయ రహదారి అయినా, ఆయనకు మాత్రం ఇంకా 'తొమ్మిదో నంబరు రోడ్డే'. ఎక్కడా పెద్దగా ఆగకపోతే అయిదు గంటల ప్రయాణం. మాకు తొమ్మిది గంటలు పట్టింది.

నందిగామ చేరకముందే ఒంటేలుకని ఒకసారి ఆగాం. కోదాడ దగ్గర మోకాళ్ళు పట్టేశాయంటే దిగి నాలుగడుగులు నడిపించాం. షుగరు మాత్ర వేసుకున్నాక తిండి వేళ తప్పకూడదు కనుక చెట్టు నీడన టిఫిను డబ్బా విప్పాం. సూర్యాపేట రాగానే ఊళ్ళోకి పోనివ్వమన్నారు. తనతో కలిసి పనిచేసిన స్నేహితుని ఇల్లు అక్కడ ఉంది. ఆ స్నేహితుడు చనిపోయి చాలా ఏళ్ళయింది.

"ఆయన లేరు కదా నాన్నా" అన్నాం.

"ఆయన ఇంటివాళ్ళు ఉన్నారు కదరా" అన్నారు నాన్నగారు.

ఆ ఇంట్లో గంటసేపు కూర్చున్నాం. ఆ స్నేహితుని భార్య తలుపు చాటునుంచే సలాం చెప్పి, "ఆయన పేరు చెప్పుకుని ఈ గడప తొక్కేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు భాయ్‌సాబ్" అన్నారు. తర్వాత అక్కడి మసీదులో జుహర్ నమాజు చేశాం. ప్రయాణికునికి నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండు రకాతులవుతుంది. కానీ స్థానిక ఇమాము వెనుక నిలబడితే అతను కూడా పూర్తిగా నాలుగు చేయాలి. నాన్నగారు కుర్చీ మీద కూర్చుని ఆ నాలుగూ పూర్తి చేశారు. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కమీద పడుకుని నమాజు చేయవచ్చని దైవప్రవక్త (స) ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు తెలిపిన సంగతి బుఖారీ గ్రంథంలో ఉంది. బలహీనునికి ధర్మమే ఇంత వెసులుబాటు ఇస్తే, మన గడియారం ఇవ్వకపోవడం ఏమిటి?

ఏది వృథా?

ఇక లెక్క వేద్దాం. అయిదు గంటల దారికి తొమ్మిది గంటలు. మిగిలిన నాలుగు గంటలు వృథాయేనా?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒకసారి మక్కా దారిలో ప్రయాణిస్తున్నారు. ఒంటెపై అలసిపోయినప్పుడు ఎక్కడానికి ఆయన వెంట ఒక గాడిద ఉండేది. తలకు ఒక పాగా ఉండేది. దారిలో ఒక పల్లెవాసి ఎదురైతే ఆ రెండూ అతనికి ఇచ్చేశారు. వెంట ఉన్నవారు ఆశ్చర్యపోయారు. పల్లెవారు కొద్దిపాటి దానితోనే తృప్తి పడతారు కదా అన్నారు. అప్పుడాయన, ఇతని తండ్రి మా తండ్రి ఉమర్‌కు ప్రియమిత్రుడని చెప్పారు. తండ్రి స్నేహితుల కుటుంబాలతో సంబంధం నిలుపుకోవడం గొప్ప పుణ్యమని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానన్నారు. ఈ ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. తండ్రి కన్నుమూశాక కూడా నిలుపుకోవలసిన ఆ బంధాన్ని, తండ్రి బ్రతికి ఉండి స్వయంగా మనకు చూపిస్తుంటే ఆ గంట వృథా ఎలా అవుతుంది? ఆ గడప మనకు తెలియడమే ఒక వారసత్వం.

మరొక సంఘటన ఇమామ్ బుఖారీ గారి 'అల్ అదబుల్ ముఫ్రద్'లో ఉంది. యమన్‌కు చెందిన ఒకతను తన తల్లిని వీపున మోస్తూ కాబా చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాడు. తాను ఆమె రుణం తీర్చుకున్నట్టేనా అని ఇబ్నె ఉమర్ (రజి)ను అడిగాడు. ప్రసవ వేళ ఆమె తీసిన ఒక్క మూలుగుకు కూడా అది సమానం కాదని ఆయన బదులిచ్చారు. ఇది నిరాశపరిచే జవాబు కాదు. తీర్చలేని అప్పు అని తెలిశాక మనిషి లెక్కలు రాయడం మానేస్తాడు. 'నిరుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాను, ఈసారి పెళ్ళికి తీసుకెళ్ళాను' అన్న చిట్టా అప్పుడే మూతపడుతుంది.

దైవప్రవక్త (స) ప్రయాణాల్లో అందరికన్నా వెనుక నడిచేవారని, బలహీనుల వాహనాలను ముందుకు తోలేవారని, నడవలేనివారిని తన వెనుక ఎక్కించుకునేవారని, వారి కోసం దుఆ చేసేవారని జాబిర్ (రజి) తెలిపినట్టు అబూదావూద్‌లో ఉంది. నాయకుడే వెనుక ఉంటే బిడారు వేగాన్ని నిర్ణయించేది బలహీనుడే.

అన్నిటికీ తలూపాలా?

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పెద్దవారు బెల్టు పెట్టుకోనంటే, మాత్ర వేసుకోనంటే, వేగంగా పోనివ్వమంటే ఏం చేయాలి? ప్రాణరక్షణ మన బాధ్యత. దైవానికి అవిధేయత అయ్యే విషయంలో ఎవరికీ విధేయత లేదు. అక్కడ లొంగనవసరం లేదు. కానీ లొంగకపోవడానికి, కసరడానికి మధ్య చాలా దూరం ఉంది. "మీకేం తెలియదు, ఊరికే కూర్చోండి" అంటూ బెల్టు బిగించడం ఒకటి. "నా కోసం పెట్టుకోండి నాన్నా" అంటూ బిగించడం మరొకటి. బిగిసేది ఒకే బెల్టు, కానీ మొదటిది ఆయన మనసును కూడా బిగించేస్తుంది.

మనలో చాలామంది పొరపడేది కాఠిన్యంతో కాదు, ప్రేమతోనే. మెత్తని దిండు పెడతాం, ఫ్లాస్కులో వేడినీళ్ళు పెడతాం, మందుల సంచి సర్దుతాం. కానీ 'ఎప్పుడు బయలుదేరదాం?' అని ఒక్కసారి అడగం. సామాను జాగ్రత్తగా చేరవేసినట్టు వారిని చేరవేస్తాం. యూసుఫ్ (అలై) ఈజిప్టులో అధికారంలో ఉండగా తల్లిదండ్రులు ఎడారి దాటి ఆయన దగ్గరకు వచ్చారు. ఆయన వారిని అక్కున చేర్చుకుని, భద్రతకు హామీ ఇచ్చి, సింహాసనంపై కూర్చోబెట్టారని ఖుర్ఆన్ తెలుపుతుంది. భద్రతతో ఆయన సరిపెట్టుకోలేదు. గౌరవస్థానం కూడా ఇచ్చారు. మన కారులో సింహాసనం లేదు. ఆగాలా వద్దా అన్న నిర్ణయం ఉంది. దానిని వారికి ఇవ్వగలం.

చివరిగా ఒక్క మాట. మూడు దుఆలు నిస్సందేహంగా స్వీకరించబడతాయని దైవప్రవక్త (స) తెలిపారు. అవి తల్లిదండ్రుల దుఆ, ప్రయాణికుని దుఆ, పీడితుని దుఆ (అబూదావూద్). మన పక్క సీట్లో కూర్చున్న పెద్దవారిలో మొదటి రెండూ అప్పటికే ఉన్నాయి. అటువంటి దుఆను సంపాదించుకునే అవకాశం ఇంటి గుమ్మంలోనే దొరికింది. మన విసుగుతో, మన మౌనంతో, మన తొందరతో ఆ మూడవది కూడా వారిలో చేరకుండా చూసుకుందాం.

తల్లిదండ్రుల వేగంతో నడిచే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.